బియ్యం మూట అయిపోయేదాకా అసెంబ్లీ

నేను ఐదో తరగతి దాటలేదు. ఇంతవరకు ఇంటికి ఉత్తరాలు తప్ప ఏమీ రాసినవాణ్ణి కాదు. జరిగింది జరిగినట్టే చెబుతాను.

కువైట్ మీదికి ఇరాక్ సైన్యం వచ్చిన ఏడాది నేను ఒక అరబ్బు ఇంట్లో పనివాణ్ణి. వాళ్లు కారులో సౌదీకి పారిపోతుంటే, ఇంటావిడ, అరబ్బీలో అమ్మ అని మేమంతా మామా అంటాం, ఒక పొట్టేలు తాడు నా చేతిలో పెట్టింది. "నేనొచ్చేదాకా దీన్ని చూసుకో" అంది. నాకు జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చిన మనిషి. మాటిచ్చాను.

పొట్టేలుతో సహా ఫర్వానియాలో మనవాళ్ల గదికి చేరాను. నాతో కలిపి ఆరుగురం. పనుల్లేవు, రోజంతా గొడవలే. కడపవాళ్లకు కూరలో కారం చాలదు, గోదావరివాళ్లు అందులో బెల్లం వేస్తారు. ఒకరోజు గరిటెలతో కొట్టుకున్నారు. అప్పుడు షువైఖ్‌లో వడ్రంగి పని చేసే కడప పెద్దాయన గదిలో అసెంబ్లీ పెట్టాడు. ఆయనే స్పీకరు. బోర్లించిన బకెట్టు ఆయన కుర్చీ. గదిలో ఉన్న ఒక్క బియ్యం మూట అయిపోయేదాకా సభకు గడువు. మొదటిరోజే రెండు చట్టాలు చేసి గోడ మీద బొగ్గుతో రాశారు. మూటలో బియ్యం తిన్నవాళ్లంతా సభ్యులే. సభ్యుడి మీద ఎవరూ చెయ్యి వేయకూడదు.

మూటలో బియ్యం అడుగంటేసరికి మిర్కాబ్‌లో బట్టలు కుట్టే గోదావరి ఆయన లేచాడు.

"అధ్యక్షా! రోజూ పప్పేనండీ. బాల్కనీలో అంత మాంసం నిలబడి మనల్నే చూస్తందండీ, ఆయ్!"

"అది మామా సొత్తన్నా" అన్నాను.

"మామా సౌదీలో తింటా ఉంటాది లే అబ్బీ, కూర్చో" అన్నాడు స్పీకరు.

ఓట్లేశారు. వాళ్లు ఐదుగురు, నేనొక్కణ్ణి. మర్నాడు కోయాలని తీర్మానం.

మర్నాడు పొద్దున్నే మాట్లాడతానని చెయ్యెత్తాను. పొట్టేలు మంచితనమంతా చెప్పాను. అయిపోతే మళ్లీ మొదటినుంచి చెప్పాను. స్పీకరు బకెట్టు మీదే గురక పెట్టాడు. ఆ ధ్యాసలో తాడు ముడి సరిగా వేశానో లేదో చూసుకోలేదు. వంటింట్లో కరకరమని చప్పుడైంది. పోయి చూస్తే పొట్టేలు తల మూటలో ఉంది. మిగిలిన నాలుగు దోసెళ్ల బియ్యమూ దాని కడుపులో ఉన్నాయి.

స్పీకరు కత్తితో ఉరికొచ్చాడు. నేను అడ్డం నిలబడి గోడ చూపించాను. "ఒకటో చట్టం చదువన్నా!"

ఆయన కూడబలుక్కుని చదివాడు. కత్తి దించాడు. "ఇది మెంబరైపాయె కదరా."

"మనుషులే మెంబర్లని రాయలేదాండీ?" అన్నాడు గోదావరి ఆయన.

"రాసింది నువ్వే గదప్పా!"

"అయితే చట్టం మార్చేద్దామండీ!"

స్పీకరు మూట తిరగేసి దులిపాడు. ఒక్క గింజ రాలలేదు. "సభ ఖలాస్. ఇంగ యాడ మారుస్తావు?"

ఆ మధ్యాహ్నం బేకరీ ముందు వరసలో నిలబడి తెచ్చుకున్న రొట్టెలు పంచుకున్నాం. గోదావరి ఆయన తన రొట్టెలో ముక్క తుంచి "తినండి మెంబరుగారూ" అని సణుగుతూ దాని నోటికి అందించాడు.

మన దేశానికి బయల్దేరే ముందు పొట్టేల్ని, కువైట్‌లోనే ఉండిపోయిన మామా అక్కగారింట్లో అప్పగించాను. యుద్ధం అయ్యాక తిరిగొస్తే మామా నవ్వుతూ అడిగింది, "దీనికింత పొగరు ఎక్కడిది?" పదవి చేసొచ్చిందని అరబ్బీలో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.