గంపలో గుప్పెడు బియ్యం

1957లో నన్ను నందిగామ వైపు పాస్టరేట్‌కు వేశారు. పాస్టరేట్ అంటే ఒక్క పాస్టరు చూసుకోవాల్సిన ఊళ్ళన్నీ. జగ్గయ్యపేట దారి పొడుగునా నాకు ఏడు ఊళ్ళు, తిరగడానికి ఒక సైకిలు. వాటిలోనే ఒక ఊళ్ళో కాపురం పెట్టాం. నేను పుట్టి పెరిగింది దివిసీమలో, వరిచేల మధ్య. కుదురుగా కూర్చునే గుణం అసలే లేదు. ఏడాది తిరిగేలోగా సంఘాన్ని రెట్టింపు చేసెయ్యాలని ఒకటే ఆరాటం.

మేమున్న ఊళ్ళోనే సుందరమ్మ అని ఒక కూలిమనిషి ఉండేది. తన కుటుంబంతోపాటు ఇంకో నాలుగు కుటుంబాలను గుడికి తీసుకొచ్చింది. వాళ్ళంతా ఎంక్వైరర్లు, అంటే బాప్తిస్మానికి ముందు వాక్యం నేర్చుకునేవాళ్ళు. ఈస్టరుకు బాప్తిస్మం ఇస్తానని మాటిచ్చాను.

ఈలోగా మా వైపు ఆచారం ఒకటి ఇక్కడా మొదలుపెట్టాను. ఇల్లాలు రోజూ వండే ముందు గుప్పెడు బియ్యం తీసి దాచి, ఆదివారం గుడిలో పెట్టిన గంపలో పోస్తుంది. అవి పాస్టరు ఇంటికి వస్తాయి. "ప్రతి ఇల్లూ బియ్యం తేవాల్సిందే" అని గట్టిగానే చెప్పాను. మొదటి వారమే గంప నిండింది. నా సంబరం ఇంతా అంతా కాదు.

మూడో వారం సుందరమ్మ రాలేదు. ఆ నాలుగు కుటుంబాలూ రాలేదు. నాలుగో వారమూ అంతే. ఈస్టరు దగ్గర పడుతోంది. కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఎవరైనా ఏమన్నా అన్నారా అని సంఘపెద్ద యేసోబును నిలదీస్తే, "ఏమోనండి అయ్యగారూ, పనులున్నాయేమో" అని నీళ్ళు నమిలాడు. నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు పొద్దున్నే మిరపచేలో సుందరమ్మను పట్టుకున్నాను. సైకిలు దిగీ దిగకముందే అడిగాను.

"ఏమ్మా, దేవుడి మీద అలిగావా, నా మీదా?"

"ఎవరి మీదా లేదండి."

"మరి గుడికి రావేం?"

కాయలు కోస్తూనే ఉంది. "మీరు బియ్యం తెమ్మన్నారు కదండి" అంది.

"గుప్పెడేగా?"

"మా ఇళ్ళల్లో బియ్యం పండక్కేనండి. రోజూ జొన్నలే. రెండు వారాలు కొట్లో జొన్నలిచ్చి బియ్యం మార్చుకొచ్చా. ఆ రెండు వారాలూ పిల్లలకి సంకటి చాల్లేదు. ఒట్టి చేతుల్తో ఆ గంప ముందునించి ఎట్టా నడవమంటారు?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ బియ్యంతో వండిన అన్నం కడుపునిండా తిన్నవాణ్ణి నేనే. ఎవరింటికి వెళ్ళినా నాకు వరన్నమే పెట్టేవాళ్ళు. అదే వాళ్ళ తిండి అనుకున్నాను.

ఆదివారం దాకా ఆగలేకపోయాను. ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగి, "బియ్యం అనడం నా తప్పు. మీ ఇంట్లో ఏ గింజ ఉడికితే అదే తీసుకురండి" అని చెప్పాను.

ఆదివారం సుందరమ్మ వచ్చింది. కొంగులో జొన్నలు మూటగట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. గంప దగ్గరికి ముందు వెళ్ళింది యేసోబు భార్య శాంతమ్మ. ప్రతి వారం అందరికన్నా తెల్లటి బియ్యం పోసింది ఆమే. ఇవాళ ఆమె గుప్పిట్లోంచి జొన్నలు జారాయి. ఆమె వెనక వచ్చినవాళ్ళంతా జొన్నలే పోశారు. గంపలో ఒక్క బియ్యపు గింజ లేదు.

యేసోబు తలవంచుకుని, "మేమూ మార్చుకొచ్చినవేనండి. కొత్తగా వచ్చిన అయ్యగారికి లేదని ఎట్టా చెప్తాం?" అన్నాడు.

సుందరమ్మ శాంతమ్మ వైపు తిరిగి, "నువ్వు కూడానా అక్కా!" అని పకపకా నవ్వింది. అప్పటిదాకా ఆమెను "మీరు" అనేది, "పెద్దమ్మగారూ" అని పిలిచేది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి మా వంటింట్లోకి వచ్చి మా ఆవిడకు సంకటి కెలకడం నేర్పారు.

ఈస్టరుకు ఐదు కుటుంబాలూ బాప్తిస్మం తీసుకున్నాయి. సంఘం పెరిగింది నా ప్రసంగాలతో కాదు, ఆ "అక్కా" అన్న పిలుపుతో. నా తొందర ఈనాటికీ తగ్గలేదు. కానీ తర్వాత ఏ ఊరికి బదిలీ అయినా, గుళ్ళో నోరు విప్పే ముందు ఇంటింటి గుమ్మంలో కూర్చుని ఒకటే అడిగాను: "ఇవాళ ఏం వండారమ్మా?"