ఉత్త ఫ్లాష్

నా చిన్నప్పుడు పెళ్లి ఫోటోలు తీసేవాళ్లందరికీ తెలిసిన అబద్ధం ఒకటుండేది. దానికి నోరు తెరవాల్సిన పని కూడా లేదు. కెమెరాలో రీలు అయిపోయాక కూడా చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నిలబడుతుంటే, కాదనలేక, ఫ్లాష్ ఒక్కటి మెరిపించి పంపేసేవాళ్లు. దాన్ని ఉత్త ఫ్లాష్ అనేవాళ్లు. వెలుగు పడితే ఫోటో పడిందనుకుని ఆ చుట్టాలు సంబరంగా వెళ్లిపోయేవాళ్లు. రామన్నపేటలో స్టూడియో నడిపిన మా మేనమామ మంచివాడే గానీ, ఆయనా ఉత్త ఫ్లాష్ కొట్టేవాడు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా ఇంట్లో గోడకు ఒక ఫోటో కావలసి వచ్చింది. నా భార్య పోయి ఐదు నెలలైంది. నేను ఫోటోలు తీసి బతికినవాణ్ని, నలభై ఏళ్లుగా అదే పని. అయినా ఆ గోడకు పెట్టడానికి ఆమె ఫోటో మా ఇంట్లో లేదు. పెళ్లి ఆల్బంలో ఉంది గానీ అందులో ఆమెకు పంతొమ్మిదేళ్లు. మా అమ్మాయి ఫోనులో ఉన్నవాటిలో మనవడి వెనక సగం ముఖమే కనిపిస్తుంది. చివరికి ఆధార్ కార్డు మీదిదే పెద్దది చేయించి దండ వేశాం. అందులో ఎవరో గద్దించినట్టు బిత్తరపోయి చూస్తుంది. నేను ఏడవలేదు. ఇప్పటికీ ఏడుపు రావడం లేదు. వేళకు అన్నం తింటున్నాను, పొద్దున్నే కెమెరా తీసుకుని పోతున్నాను, ఫోటోలు బాగానే వస్తున్నాయి. లోపల మాత్రం ఏమీ కదలడం లేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లి చూసుకున్నట్టుంది.

నాకు పదకొండేళ్లప్పుడు వేసవి సెలవులకు మామ దగ్గరికి వెళ్లాను. మోత్కూర్ దారిలో ఒక పల్లెలో పెళ్లి ఉంటే నన్నూ వెంట తీసుకెళ్లాడు. భోజనాల వేళకు రీలు అయిపోయింది. మామ కెమెరాను నా మెడలో వేసి, కదలకుండా కూర్చోమని చెప్పి, తాను బంతిలో కూర్చున్నాడు. కెమెరా మెడలో పడేసరికి నాకు కొమ్ములు మొలిచినట్టయింది.

అప్పుడొక అవ్వ వచ్చింది. పెళ్లికొడుకు వైపు దూరపు చుట్టం. పొద్దుటి నుంచి మామ వెంట తిరుగుతూనే ఉంది, ఆయనేమో ‘అయితది, అయితది’ అని దాటేస్తున్నాడు. ఇక ఆయనతో కాదనుకుందేమో, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

“ఓ పిలగా, నాదొక్కటి దియ్యరాదూ?” అంది. “నా ఫోటువ ఒక్కటి గూడ లేదు బిడ్డా. రేపు నేను పోతే నా కొడుకు గోడకు ఏం పెట్టుకుంటడు?”

రీలు లేదని చెప్పొచ్చు. చెప్పలేదు. చెబితే అంతసేపూ మెడలో మోస్తున్న పెద్దరికం ఏమైపోవాలి? తీస్తానన్నాను. ఆమె గోలెం దగ్గరికి పోయి నీళ్లతో ముఖం కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది, తడి చేత్తోనే తల సర్దుకుంది. పందిరి గుంజ పక్కన చేతులు రెండూ కిందికి వదిలి, ఊపిరి బిగబట్టి నిలబడింది. నేను అచ్చం మామలాగే ఒక కన్ను మూసి, ఫ్లాష్ వెనకాల ఉండే చిన్న మీట నొక్కాను. వెలుగు పడింది. మంచిగా వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను. నా గడ్డం పట్టుకుని, వేళ్లు ముద్దు పెట్టుకుని వెళ్లిపోయింది.

దారిలో ఈ సంగతి మామకు గొప్పగా చెప్పాను. ఆయన నవ్వి, “గప్పుడే నేర్సుకున్నవా అల్లుడా,” అన్నాడు. నేను పొంగిపోయాను.

సెలవులు ఇంకా అయిపోకముందే ఒకరోజు పొద్దున స్టూడియో ముందు ఒకాయన సైకిలు దిగాడు. కొత్తగా గుండు చేయించుకున్న తల. ఆ అవ్వ కొడుకు. తల్లి పోయిందట. “గా పెండ్లిల మా అమ్మ ఫోటువ దిగిందంట. సచ్చేదాకా గదే ముచ్చట జెప్పింది. పదకొండో దినానికి గోడకు పెట్టాలె,” అన్నాడు.

మామ ఒక్కసారి నా వంక చూశాడు. రీలు చెడిపోయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. స్టూడియోల వాళ్లు అలవాటుగా అనే మాటే అది. ఆయన అనలేదు. అలాగని నన్నూ పట్టివ్వలేదు. “తప్పు నాది తమ్మీ. రీలు లేకుండ ఉత్త ఫ్లాష్ కొట్టిన,” అన్నాడు.

ఆ మనిషి కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. విషయం తలకెక్కనట్టు, “మరి ఎలుగు వడ్డదని జెప్పె గద,” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మామ ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఆ పెళ్లి నెగటివులన్నీ తీశాడు. కిటికీ దగ్గర నిలబడి ఒక్కొక్కదాన్నీ వెలుగుకు పట్టి భూతద్దంతో వెతికాడు. మధ్యాహ్నం దాటింది. తలంబ్రాల ఫోటో ఒకదానిలో, వెనక వరసలో ఇద్దరు ఆడవాళ్ల భుజాల మధ్య నుంచి మెడ సాచి చూస్తున్న అవ్వ దొరికింది. ముఖం బియ్యపు గింజంత ఉంది. నన్ను కూడా చీకటి గదిలోకి తీసుకెళ్లాడు. ఎర్ర దీపం కింద, నీళ్లలో ఊగుతున్న కాగితం మీద ఆ ముఖం మెల్లగా పైకి తేలింది. అంత పెద్దది చేసేసరికి రవ్వలు రవ్వలుగా విడిపోయింది. మామ పెన్సిల్ పట్టుకుని కళ్లు దిద్దబోయి ఆగిపోయాడు. దిద్దితే అవి ఆమె కళ్లు కావని పెన్సిల్ పక్కన పెట్టేశాడు.

ఆ కొడుకు ఫోటోను గుమ్మంలోకి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. నిజం చెప్పాలంటే అందులో నాకు మనిషే కనబడలేదు, మసక మచ్చ తప్ప. ఆయన మాత్రం, “గీమెనే. గీమెనే మా అమ్మ,” అన్నాడు. చొక్కా లోపల పెట్టుకుని సైకిలెక్కి పోయాడు.

మామ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కెమెరా తుడుచుకుంటూ అన్నాడు, “గుట్టను దీస్తె గుట్టొచ్చి అడగది. చెరువొచ్చి అడగది. మనిషే అడుగుతడు. అందుకని రీలుల ఆఖరుది ఒక్కటి దాసుకోవాలె అల్లుడా, అడిగెటోళ్ల కోసం.” ఆ తర్వాత ఆయన ఏ పెళ్లిలోనూ ఉత్త ఫ్లాష్ కొట్టగా నేను చూడలేదు. ఎంత ఒత్తిడి ఉన్నా ఆఖరి ఫోటో ఒకటి మిగిల్చేవాడు. దాన్ని ఏ మూలనో నిలబడ్డ ముసలివాళ్లకు తీసేవాడు.

ఏమాటకామాట చెప్పుకోవాలి. ఆయన చెప్పినదాంట్లో నేను సగమే పట్టుకున్నాను. గుట్ట వచ్చి అడగదన్న సగం. పెద్దయ్యాక నేనూ కెమెరానే పట్టాను గానీ మనుషుల జోలికి పోలేదు. భువనగిరి నుంచి పాలమూరు దాకా గుట్టలు తీశాను, అలుగు పారే చెరువులు తీశాను. రాష్ట్రం వచ్చాక మన చెరువులు, మన రాళ్లు అంటూ క్యాలెండర్లవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. గుట్టకు ఏటవాలు వెలుగు కావాలి. అది పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ఉంటుంది, ఓపికుంటే దొరుకుతుంది. పట్నమే కష్టం. వాన వెలిసిన ఆదివారం తెల్లవారాక, ఫ్లైఓవర్ మీద మనిషన్నవాడు లేని పావుగంట కోసం ఎన్ని వారాలు కాచుకున్నానో. తడి రోడ్డు, మెట్రో స్తంభాల నీడలు, అంతే. ఎవరైనా అడ్డొస్తే వాళ్లు దాటిపోయేదాకా మీట నొక్కేవాణ్ని కాదు. చూసినవాళ్లు ఎంత ప్రశాంతంగా ఉన్నాయో అనేవారు. నాకూ అవి నచ్చేవి. రేపు వచ్చి అడిగేవాళ్లెవరూ వాటిలో ఉండరు.

అందరికంటే ఎక్కువసార్లు అడ్డొచ్చింది నా భార్యే. చాయ్ ఫ్లాస్కు, టిఫిన్, సంచి మోసుకుంటూ వెంట వచ్చేది. వాన తుంపరైతే నన్ను వదిలేసి కెమెరాకు గొడుగు పట్టేది. ‘జర పక్కకు జరుగు’ అనేవాణ్ని. ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. ఒకసారి తనే అడిగింది, “గన్ని రాళ్లను దీస్తరు, నన్నొక్కపారి దియ్యరాదుండ్రి?” అని. వెలుగు పోతోంది, తర్వాత తీస్తానన్నాను. నేను మరిచిపోయాను, ఆమె మళ్లీ అడగలేదు. ఆ ‘తర్వాత’ అన్న మాట కూడా ఉత్త ఫ్లాషే.

పోయిన వారం, మామ నెగటివులు వెతికినట్టే పాత డిస్కులన్నీ ఒక్కొక్కటే తెరిచాను. రాళ్లు, నీళ్లు, రోడ్లు. మూడో రోజు దొరికింది. కొత్తకోట దగ్గర, బెంగుళూరు రోడ్డు పక్కన ఒక గుట్టను వరసగా తీసినవి ఉన్నాయి. వాటిలో మొదటిది చెడిపోయిన ఫోటో, చెరిపేయాల్సింది మరిచిపోయాను. ఎడమ అంచున ఆమె ఉంది. భుజాన సంచి, చేతిలో ఫ్లాస్కు, అవతలికి తిరిగిన ముఖం. ఒక చెవి, దాని కమ్మ, దవడ అంచు, అంతే కనిపిస్తుంది. పెద్దది చేస్తే రవ్వలు రవ్వలైంది.

మా అమ్మాయికి చూపించాను. “ముఖమే కనిపిస్తలేదు గదా నాయినా,” అంది.

“గీమెనే,” అన్నాను.

ఆధార్ ఫోటో తీసేసి దాన్నే గోడకు పెట్టాం. ఇప్పటి కెమెరాల్లో రీలు లేదు, అయిపోవడమన్నది లేదు. అయినా ఇంటికి మళ్లేముందు ఆఖరిది ఒకటి దాచుకుంటున్నాను. చాయ్ బండి దగ్గరో, బస్టాండులోనో ఎవరైనా అడిగితే తీసి, కాగితం మీద వేయించి, మళ్లీ వెళ్లి చేతిలో పెట్టి వస్తున్నాను. మీట నొక్కేటప్పుడు ఇంకా ఏమీ అనిపించడం లేదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ గోడ వైపు చూస్తాను. ఆ ఫోటోలో ఆమె నా మాట విని పక్కకు జరుగుతోంది.