మా అక్క ఒప్పుకున్న మాల్టు

మా బావ పోయాడన్న సంగతి నాకు ఫోన్‌లో తెలిసింది. చేసింది మా మేనకోడలు. పోయాడని అనలేదు. "మావయ్యా, నాన్న కుర్చీలో కూకునున్నాడు. పిలిస్తే పలకట్లేదు" అంది. పొద్దున్నే టిఫిన్ పట్టుకుని వెళ్ళిందట. ఆ గొంతులో కంగారు లేదు, ఏడుపూ లేదు. అందుకే నాకు అర్థమైపోయింది. కోటబొమ్మాళిలో పాసింజరెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కొత్తవలస వచ్చేదాకా ఒక్కటే ఆలోచన. ఆ కుర్చీ ఏ గదిలో ఉందో నేను అడగలేదు. అడగక్కర్లేదు కూడా.

ఆయన మా అక్క భర్త. ఉద్యోగమంతా ఒక బీరు ఫ్యాక్టరీలోనే చేశాడు. లారీల్లో వచ్చిన మాల్టును చూసి దించమనాలా, తిప్పి పంపమనాలా అని తేల్చడం ఆయన పని. తెలియనివాళ్ళకు చెప్పాలంటే, మాల్టు వింత వస్తువేమీ కాదు. మన ఇళ్ళల్లో చంటిపిల్లల కోసం చోళ్ళు, అదే రాగులు, నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తాం కదా. బార్లీ గింజకు కూడా అలాగే చేస్తారు, వేడిగాలి మీద ఆరబెడతారు. బీరులోకి రంగు కోసం, రుచి కోసం రకరకాల మాల్టులు గుప్పెడు గుప్పెడు వేస్తారు. గుండిగలో ముప్పావు వంతు మాత్రం లేత రంగు మాల్టే, దాన్ని బావ అడుగు మాల్టు అనేవాడు. బియ్యం మంచివి కాకపోతే ఎన్ని కూరలు వండినా అది భోజనం కాదు కదా అని ఆయన వాదన.

ఆయన బస్తా పైన చూసేవాడు కాదు. పైన ఎవడైనా మంచి గింజలే పోస్తాడు. మోచేతిదాకా చెయ్యి లోపలికి దించి, అడుగునుంచి గుప్పెడు తీసేవాడు. గింజలన్నీ ఒకే లావున ఉన్నాయా, విరిగినవీ పొట్టు ఊడినవీ ఎన్ని ఉన్నాయి అని అరచేతిలో పరిచి చూసేవాడు. తర్వాత ఒక గింజ పంటి కింద పెట్టేవాడు. మంచి మాల్టయితే వేయించిన శనగలా పొడిపొడిగా చిట్లి, నాలిక మీద కాస్త తియ్యగా కరుగుతుంది. రాయిలా తగిలిందంటే మొలక సరిగా రాలేదన్నమాట. మెత్తగా సాగిందంటే తేమ పట్టేసిందన్నమాట. ఇవన్నీ అయ్యాక చివరికి వాసన. గుప్పిట్లోకి వెచ్చటి ఊపిరి ఊది, వెంటనే ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. "పన్ను అబద్ధవాడొచ్చు, కన్ను అబద్ధవాడొచ్చు. ముక్కుకి ఆ తెలివి నేదు" అనేవాడు.

ఆ ఇంట్లో అసలు ముక్కు మా అక్కది. అక్క జన్మలో బీరు చుక్క తాగలేదు. బావ మాత్రం అనుమానం వచ్చిన మాల్టును చొక్కా జేబులో పోసుకుని ఇంటికి తెచ్చేవాడు. అక్క పొయ్యి మీద మూకుడు పెట్టి నాలుగు గింజలు వేడి చేసి, దగ్గరికి వంగి, ఒక్క మాట చెప్పేది. తడిసిన గోనె అనేది. పాత తౌడు అనేది. బాగుంటే ఏమీ అనేది కాదు, తల ఊపి తన పనిలో పడేది. బావ మర్నాడు అదే మాట ఫ్యాక్టరీలో కాస్త ఇంగ్లీషు కలిపి చెప్పేవాడట. ఈ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు. ఉతికిన చొక్కా జేబుల్లోంచి ఎప్పుడూ గింజలు రాలుతుండేవి. దండెం కింద పిచ్చుకలు కాపు కాసేవి.

రిటైరయ్యాక బావ ఇంట్లోనే బీరు కాయడం మొదలుపెట్టాడు. చట్టం ఒప్పదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడు ఆయన్ని ఎవరూ పట్టుకెళ్ళలేరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. ఒక్క గుండిగెడు కాచేవాడు, అదీ ఎప్పుడో ఒకసారి. ఎవరికీ అమ్మలేదు. పాత స్నేహితుడొకడు రాజస్థాన్ నుంచి కాసిని కాసిని మాల్టు పంపేవాడు. దాన్ని చేటలో చెరిగి, మరీ మెత్తగా కాకుండా మిక్సీలో పగలగొట్టి, చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళలో నానబెట్టేవాడు. ఇల్లంతా అప్పుడే కాల్చిన రొట్టెల వాసన కమ్ముకునేది. ఆ తియ్యటి నీళ్ళను మేమంతా గ్లాసుల్లో పట్టుకుని తాగేవాళ్ళం. అందులో హాప్స్ అనే చేదు పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి మూలన పెట్టేవాడు. ఎంత బాగా కుదిరినా గొప్ప చెప్పుకునేవాడు కాదు. మాల్టు మంచిదైతే మనం చేసేదేమీ లేదని, దాన్ని పాడుచేయకుండా ఉంటే చాలని అనేవాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఇద్దరినీ విజయనగరంలో ఆస్పత్రిలో చేర్చాం. బావ ఒక్కడే తిరిగొచ్చాడు. అక్క ముఖం ఆయన చూడలేదు, మేమూ చూడలేదు. ఇంటికొచ్చిన రోజున ఆయన తిన్నగా వంటగదిలోకి వెళ్ళి, డబ్బాలో అడుగున మిగిలిన కాస్త మాల్టు గుప్పిట్లోకి తీసుకున్నాడు. ఊదాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ ఊదాడు. తర్వాత ఆ గింజల్ని పెరట్లో పిచ్చుకలకు పోసేసి వచ్చి మంచం మీద పడుకున్నాడు. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. వాసన తెలియడం లేదని నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ తర్వాత ఆయన బీరు కాయలేదు. అన్నం కూడా ఏదో ముద్దలు లెక్కపెట్టినట్టు తినేవాడు. మేనకోడలు పక్క వీధిలోనే ఉండేది కాబట్టి పూటపూటా వచ్చి చూసుకునేది. చాలా నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి, ఉన్నపళంగా రమ్మన్నాడు. కంగారుపడి వెళ్ళాను. అక్క గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టి, మాట్లాడవద్దని చేత్తో సైగ చేశాడు. కాసేపయ్యాక అడిగాడు.

"మాల్టు వాసన. నీకు వస్తన్నాదా?"

గట్టిగా పీల్చాను. గోడ సున్నం, మూసిన గది ముక్క వాసన, అంతే. రావడం లేదన్నాను. నాకు తెలిసి అప్పటికి ఏడాదికి పైగా ఆ ఇంట్లో మాల్టు గింజ లేదు. ఆయన నా వైపు జాలిగా చూశాడు, నాకే ఏదో పోయినట్టు.

అప్పటినుంచి అది రోజూ వచ్చేదట. అక్క మధ్యాహ్నం పని ముగించుకుని నడుం వాల్చే వేళకి, ఆ గదిలో మాత్రమే. నేను పట్టుబట్టి విజయనగరంలో ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. దెబ్బతిన్న నరం కోలుకునేటప్పుడు లేని వాసనలు ఉన్నట్టు అనిపిస్తాయని, భయం లేదని ఆయన ఓపిగ్గా చెప్పాడు. బావ శ్రద్ధగా విన్నాడు. బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు అన్నాడు: "డాక్టరు సెప్పింది నిజవే అవుతాది. కానీ పాడైన నరానికి ఏ మసి వాసనో రావాల గదా. ఇది అలాటిది కాదురా. ఇది మీ యక్క ఒప్పుకున్న మాల్టు."

ఆ రాత్రి వాళ్ళింట్లో ఉండకుండా సాయంత్రం బండికే వచ్చేశాను.

అక్క రెండో సంవత్సరీకానికి మేనకోడలు ఆ గదిలోనే ఉన్న అక్క చీరల పెట్టె తెరిచింది. నాలుగు చీరలు తీసి దగ్గరివాళ్ళకు ఇద్దామని. అడుగున పట్టుచీర కింద పాలిథిన్ సంచి దొరికింది. గట్టిగా ముడి వేసి ఉంది. విప్పితే మాల్టు. ఎలుకల భయానికి అక్కే దాచి ఉంటుంది. అది ఇనప్పెట్టె, మూత బిగువు. ముడి విప్పేదాకా నా ముక్కుకు ఏమీ తెలియలేదు. విప్పాక మాత్రం గది నిండిపోయింది. మేనకోడలు నా చెయ్యి పట్టుకుంది. బావ ఏమీ ఆశ్చర్యపోలేదు. చెయ్యి సంచి అడుగుదాకా దించి గుప్పెడు తీసి, ఒక గింజ కొరికి, "పొడిగా ఉన్నాది" అన్నాడు.

ఏం చేద్దామన్నదాని మీద తండ్రీ కూతుళ్ళకు మాట పట్టింపు వచ్చింది. అమ్మ చేత్తో కట్టిన మూట అని, అలాగే ఉంచాలని ఆ పిల్ల. గింజను దాచిపెడితే చివరికి పురుగుకే పెట్టినట్టని ఆయన. చివరికి ఆయన మాటే నెగ్గింది. చాలా కాలం తర్వాత గుండిగ పొయ్యెక్కింది.

బీరు తయారయ్యాక నన్ను పిలిచాడు. ఆయనకు నాలిక మీద తీపి, చేదు తెలిసేవి, అంతకు మించి ఏమీ తెలిసేది కాదు. గ్లాసు నా చేతికిచ్చాడు.

"ఉన్నదున్నట్టు సెప్పు. నేను బాదపడతానని ఏటీ దాసకు."

వాసన చూసి ఒక గుక్క తాగాను. రొట్టె పైపెచ్చు వాసన, కాస్త తేనె. దాని వెనక ఇంకొకటి ఉంది. మొదట పోల్చుకోలేకపోయాను. రెండో గుక్కలో తెలిసింది. కలరా ఉండలు, పాత పట్టు, పౌడరు. అక్క పెళ్ళిళ్ళకు బయల్దేరుతూ నా పక్కనుంచి నడిచివెళ్ళినట్టుంది.

చీరల పెట్టె వాసన వేస్తోందని చెప్పాను.

బావ గ్లాసు నా చేతిలోంచి తీసుకున్నాడు. "అయితే పాడైపోయినట్టే. ఫేక్టరీలో అయితే లారీ ఎనక్కి పంపేద్దును" అన్నాడు. అని, గ్లాసు ఎత్తి మొత్తం తాగాడు. అడుగు కనిపించేదాకా తాగాడు. మళ్ళీ పోయమన్నాడు.

ఆ మర్నాటినుంచి ఆ గదిలో వాసన రాలేదు. ఆయన ఎదురుచూశాడు. మధ్యాహ్నమయ్యేసరికి కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, తలుపు దగ్గరగా వేసుకుని, ఫ్యాన్ కట్టేసుకుని. నేను వెళ్ళినప్పుడల్లా పక్కన కూర్చునేవాణ్ణి. ఒకసారి అడిగాడు, గోడ వైపు చూస్తూ: "ఆ మాల్టు కాసీకుండా ఉంచీవలసిందేటి?" నేను లేచి వెళ్ళి ఆయనకు మంచినీళ్ళు తెచ్చిచ్చాను. ఆయన నాకు నేర్పింది చాలా ఉంది. చెయ్యి లోతుగా దించి చూడమన్నాడు, తొందరపడి మెచ్చుకోవద్దన్నాడు, నచ్చని మాటైనా ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు. ఆయన దగ్గర కూర్చున్న ఆ మధ్యాహ్నాలకు నేను రుణపడి ఉన్నాను. కానీ చివరి రోజుల్లో ఆ గదిలో అడుగుపెట్టాలంటే నాకు భయమేసేది. వాసన వస్తుందేమోనని కాదు. ఆయన మళ్ళీ ఆ ప్రశ్న అడుగుతాడేమోనని.

నేను కొత్తవలస చేరేసరికి ఆయన్ని అరుగు మీదకు తెచ్చి పడుకోబెట్టారు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. మర్నాడు శ్మశానం నుంచి వచ్చి, స్నానాలు చేసి, అక్క గదిలో దీపం పెట్టిన చోట కూర్చున్నాం. కిటికీ గట్టు మీద స్టీలు గ్లాసు ఉంది. తీసేద్దామని చెయ్యి చాపితే మేనకోడలు ఆపింది. నాన్న పెట్టుకున్నదని, ముట్టుకోవద్దని అంది. స్నేహితుడు పంపిన కొత్త మాల్టు మొన్ననే వచ్చిందట. మాల్టు మంచిదో కాదో చూడ్డానికి ముక్కు పనిచేయనివాడికి నీళ్ళే గతి. గింజ మొలకెత్తి లోపల బాగా గుల్లబారితే తేలుతుంది, పచ్చిదైతే మునుగుతుంది. గ్లాసులో కాసిని గింజలు వేసుకుని, చూస్తూ కూర్చుని ఉంటాడు.

వంగి చూశాను. ఎంత మంచి గింజైనా చివరికి నీళ్ళు పీల్చుకుంటుంది. చాలామట్టుకు అడుక్కి చేరాయి. పైన రెండు ఉన్నాయి. మేం చూస్తుండగానే ఒకటి మెల్లగా పక్కకు ఒరిగి కిందికి జారిపోయింది. రెండోది అడ్డంగా పడుకున్నదల్లా నిలువుగా లేచింది. తేలనూ లేదు, మునగనూ లేదు. మొన మాత్రం నీటి పైతట్టుకు ఆనించుకుని, మేం దీపంలో నూనె పోసి వచ్చేదాకా అలాగే నిలబడి ఉంది.