రష్యన్ పిన్ని అడిగిన మాట

మొన్న మధ్యాహ్నం వైశాలి నగర్‌లోని మా ఇంటి వసారాలో కూర్చుని ఉండగా, మా మనవరాలు కాలేజీ ప్రాజెక్టు కాగితాలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. దేశాల మధ్య జరిగిన సాంస్కృతిక కార్యక్రమాలు ఎంతవరకు ఫలించాయో అంచనా వెయ్యాలట, భిలాయిలో రష్యన్ల కాలం చూసినవాళ్ళ అభిప్రాయం కావాలట.

"అమ్మమ్మా, నువ్వు తో అప్పుడు ఇక్కడే ఉన్నావు కదా, ఏక్ సే పాంచ్ మార్కుల్లో ఎంత ఇస్తావు?" అంది.

సభలకు వెళ్ళారా, భాష నేర్చుకున్నారా అన్న ప్రశ్నలన్నిటికీ అవునని టిక్కులు పెట్టాను గానీ, మార్కుల దగ్గర చెయ్యి ఆడలేదు. ఎందుకో దానికి చెప్పలేకపోయాను. నా ఈడువాళ్ళు, ఆ రోజులెరిగిన మీకైతే చెప్పుకోగలను.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. నాన్నగారు రష్యన్ల సాయంతో కట్టిన ఉక్కు ప్లాంటులో ఫోర్‌మన్. మా క్వార్టరు వెనక వీధిలోనే రష్యన్ ఇంజనీర్ల కుటుంబాలుండేవి. వాళ్ళలో ఒకావిడ, మా అమ్మ ఈడుదే, చలికాలం మధ్యాహ్నాల్లో మా పెరట్లోకి వచ్చి అమ్మ పక్కన పీట వేసుకుని బఠాణీలు ఒలిచేది. అమ్మ శ్రీకాకుళం మాటల్లో అత్తవారి కష్టాలు చెప్పేది, ఆవిడ తన భాషలో ఇంకేవో చెప్పేది, ఒకరిది ఒకరికి ముక్క అర్థం కాకపోయినా ఇద్దరూ సరిగ్గా నవ్వవలసిన చోటే నవ్వేవారు. మేము ఆవిడను రష్యన్ పిన్ని అనేవాళ్ళం.

ఆ రోజుల్లోనే నేను సాయంత్రం తరగతుల్లో చేరి రష్యన్ నేర్చుకున్నాను. స్నేహ సభలో వేదికెక్కి, రెండు దేశాల ప్రజల మైత్రి గురించి మా తరగతి పంతులుగారు రాసిచ్చిన ఉపన్యాసం తడబడకుండా అప్పజెప్పి, చప్పట్ల మధ్య సర్టిఫికేటు అందుకున్నాను. దాన్ని ముందుగదిలో మేకుకు తగిలించిన నాన్నగారు వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు.

సభ జరిగిన వారానికి, ఒక ఉదయం, పిన్ని చెప్పులైనా లేకుండా పరుగున వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. అమ్మ చేతులు రెండూ పట్టుకుని ఏదో పెద్ద మాట అడిగింది, ఆగింది, మళ్ళీ అదే అడిగింది.

"సర్టిఫికేటు తెచ్చుకున్నావు గదే, ఏటంతందో సెప్పవేటే!" అని అమ్మ నన్ను కసిరింది.

నాకు తెలిసినవి మైత్రి, శాంతి, ప్రజలు, కర్మాగారం. ఆవిడ మాటల్లో 'అమ్మ' అని అర్థమిచ్చే ఒక్క ముక్క తప్ప నాకేమీ అందలేదు. మెల్లగా చెప్పమని అడగడానికి కూడా మాట తట్టలేదు. పిన్ని నా మొహం చూసింది, అమ్మ మొహం చూసింది, మూడోసారి అడిగింది. ఆ ఏడుపు చూడలేక అమ్మ, "అలాగేనమ్మా, అలాగే" అని తల ఊపేసింది. పిన్ని అమ్మను గట్టిగా కౌగిలించుకుని వెళ్ళిపోయింది.

నేను సైకిలెక్కి రుఆబాంధా పేటలో ఉన్న పంతులుగారింటికి ఆదరాబాదరా వెళ్ళాను. ఆయన రాయపూర్ వెళ్ళారు. మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి పిన్నివాళ్ళ ఇంటికి తాళం వేసి ఉంది. తల్లికి బాగులేదని తంతి వచ్చిందని ఒకరు, భర్తకు బదిలీ అయిందని ఒకరు అన్నారు. చెవిలో మిగిలిన శబ్దాలన్నీ కూడగట్టుకుని పంతులుగారికి వినిపించాను. ఆయన రెండుసార్లు విని, పాపం నొచ్చుకుంటూనే, అవి మాటలు కావమ్మా అన్నారు. ఎలాగో చిరునామా సంపాదించి, ఆయన సాయంతో ఉత్తరాలు రాశాం. జవాబు రాలేదు. కొన్నేళ్ళకు ఆ దేశమే విడిపోయింది.

అమ్మ నన్ను ఎప్పుడూ నిందించలేదు. కానీ పోయేదాకా, బఠాణీల కాలం వచ్చిందంటే చాలు, "దేనికి ఒప్పుకున్నానో ఏటో, ఆవిడ నామీదే ఆశ పెట్టుకుని కూకుందేమో" అని గింజలు చేతిలో పట్టుకుని అలా ఉండిపోయేది.

ఈ కాలంలో ఏ దేశం మనిషి మాట్లాడినా ఫోను అప్పటికప్పుడు తెలుగులో చెప్పేస్తోంది. పిల్లలకు అదొక వింతగానైనా తోచదు. ఆ పెరళ్ళ వెంట ఇప్పుడు ఎత్తయిన గోడలు లేచాయి, పక్కింటివాళ్ళ ఏడుపు మన దాకా రాదు. నాకేమో ఆ శబ్దాలు కూడా చెవిలోంచి జారిపోయాయి. అమ్మ తల ఊపగానే పిన్ని మొహం తేటపడిన తీరు మాత్రమే కళ్ళముందు నిలిచి ఉంది.