వస్తాడని అన్నది నేనే

ఫోన్లో ఆయన అన్నది ‘నాటడం’. నాకు వినిపించింది ‘నాటకం’. ఒక్క అక్షరం తేడాతో మనిషి ఎక్కడ తేలతాడో చెప్పడానికి నాకంటే మంచి ఉదాహరణ మా జిల్లాలో దొరకదు.

ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత నాకు అబ్బిన విద్య ఒక్కటే, జనాన్ని నవ్వించడం. టెక్కలి చుట్టుపక్కల ఊళ్ళ నాటకాల్లో జోకరు వేషం కట్టాను. నాటకాలు పోయాక పెళ్ళిళ్ళలో మైకు పట్టుకున్నాను. డీజేలు వచ్చి ఆ మైకూ లాక్కున్నాయి. నౌపడలో ఉప్పు మళ్ళ పనికి వెళ్తే, “నువ్వొస్తే ఈల్లు నవ్వతారు గానీ ఉప్పు తియ్యర్రా” అని మేస్త్రీ పంపేశాడు. ఆ ఏడాది మా ఇంట్లో కూడా నా మాటకి నవ్వే మనిషి లేకుండా పోయింది.

“నవ్వించింది సాలు గానీ, ఎక్కడికైనా ఎల్లి ఏదో ఒకటి నేర్సుకో” అంది మా ఆవిడ.

విజయనగరం అవతల ఒక బైబిలు కాలేజీ ఉందని విన్నాను. పది పాసవ్వక్కర్లేదు, చదవడం రాయడం వస్తే చాలు, తిండీ పడకా వాళ్ళవే. ఫోన్ చేస్తే, ఎత్తినాయన రెండు కోర్సులున్నాయన్నారు, సంఘం నాటడం, రంగస్థల కళ. రెండూ నాటకాలే అనుకుని మొదటిదాంట్లో చేరిపోయాను.

కొత్త ఊరు వెళ్ళి, అక్కడ నలుగురిని కూడగట్టి, విశ్వాసుల సంఘం నిలబెట్టడాన్నే నాటడం అంటారని మొదటి క్లాసులో సారు చెప్పారు.

“మరి నాట్లకి ఆకుమడి ఎక్కడ పోస్తారు సార్?” అని అడిగాను.

వెనక బెంచీలన్నీ నవ్వాయి. సారు నవ్వలేదు. మధ్యాహ్నానికి నన్ను రంగస్థల కళలోకి మార్చేశారు.

అయినా కొన్ని క్లాసులు రెండు కోర్సులకీ కలిపే జరిగేవి. “బాధలో ఉన్నవాళ్ళకి హామీ ఇవ్వకండి. మన చేతిలో లేనిది మన నోట రాకూడదు. దేవుడి చిత్తం అనండి, అంతే” అనేవారు సంఘం సారు. నాటకాల సారుది ఇంకో పాఠం. “డైలాగు ముందు నువ్వు నమ్ము. నువ్వు నమ్మకపోతే ఎదుటివాడు నమ్మడు” అనేవారు. ఈ రెండు పాఠాలూ ఒకే మనిషి నెత్తిన పడతాయని ఆ ఇద్దరూ అనుకుని ఉండరు.

ఏడాది చివర అందర్నీ భావనపాడు తీసుకెళ్ళారు. మేం తీరంలో నాటకం ఆడి జనాన్ని పోగుచెయ్యాలి, సంఘం కోర్సువాళ్ళు ఇంటింటికీ వెళ్ళాలి. నాది పాస్టరు వేషం. తాగుబోతు మొగుణ్ణి మార్చే పాత్ర. నా రూమ్మేటు సంఘం కోర్సులో ఉన్నాడు. వాడి తెల్లచొక్కా అడిగి తొడుక్కున్నాను.

“ఏటి బావా, నాకంటే నువ్వే అయ్యగారిలాగున్నావు” అన్నాడు.

“సొక్కాలో ఉన్నాదిరా మహిమంతా. ఉతికీసి ఇస్తాను, మహిమ పోకుండా.”

ఊరు నవ్వే స్థితిలో లేదని బస్సు దిగాక తెలిసింది. గాలివాన వస్తుందని కబురందగానే పడవలన్నీ తిరిగొచ్చేశాయి, ఒక్కటి తప్ప. గాలివాన దాటిపోయినా అందులో వెళ్ళినవాళ్ళ ఫోన్లు పలకడం లేదు. ఆఫీసర్లు వెతుకుతున్నామన్నారు. నాటకం మానేస్తామంటే ఊరిపెద్దే వద్దన్నాడు. “ఆడండి. జనం కాసేపు ఆ గోల మరిసిపోతారు” అన్నాడు.

ఆడాం. ఎవరూ నవ్వలేదు. నవ్వు రావలసిన చోట రాకపోతే, కాలు వేసిన చోట మెట్టు లేనట్టుంటుంది నాకు. ఒకావిడ అసలు మావైపు చూడనే లేదు. మాకు వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి కూర్చుంది.

నాటకం అయిపోయాక బోరింగు దగ్గర ముఖం కడుక్కుంటుంటే ఆవిడే వచ్చింది.

“అయ్యగారూ, మా గుంటడు, నా కొడుకు, ఆ పడవలోనే ఉన్నాడు.”

నేను అయ్యగారిని కాదని చెప్పాలి. చెప్పలేక, “ఉండమ్మా, మావోల్లని పిలుస్తాను” అన్నాను.

“ఆల్లొచ్చినారు. పాడినారు, ప్రార్థన సేసినారు. దేవుడి సిత్తం అనీసి ఎల్లిపోనారు. నువ్వు సెప్పు. వస్తాడా, రాడా?”

నా నోటికి ఎప్పుడూ ఏదో ఒక జోకు తగుల్తుంది. చావింట్లో కూడా తగుల్తుంది. అప్పుడు ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

“వస్తాడను. ఒక్క మాట అను.”

“వస్తాడమ్మా” అన్నాను.

ఎలా అన్నానో నాకే తెలీదు. గొంతు వణకలేదు. ఆవిడ చెయ్యి వదిలి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఎదురుగా ఉన్న ఇంట్లోకి పోయి పొయ్యి ముట్టించింది. బియ్యం కడిగిన నీళ్ళు వాకిట్లో పారబోస్తూ పక్కింటామెతో “వస్తాడంట” అంది. పక్కింటామె మొగుడూ ఆ పడవలోనే ఉన్నాడు. ఆమె నన్నొకసారి చూసి, లోపలికి పోయి, తనూ పొయ్యి ముట్టించింది.

ఇసుకలో కూలబడ్డాను. లోకంలో ఇంతమంది దేవుళ్ళుండగా నా మాట మీద రెండు పొయ్యిలు మండుతున్నాయి.

రూమ్మేటు పరిగెత్తుకొచ్చాడు. “అలాగెందుకన్నావు బావా? సారుకి తెలిస్తే ఊరుకుంటారేటి?”

“సారు సంగతి ఒగ్గీరా. ఆ బువ్వ ఎవులు తింటారో సెప్పు.”



ఆ రాత్రి ప్రార్థన షెడ్డులో అందరితో పాటు పడుకున్నాను గానీ కన్ను మూతపడలేదు. తెల్లారింది. పడవ రాలేదు. ఏదైతే అదయిందని ఆవిడ వాకిట్లోకి వెళ్ళాను. రాత్రి అన్నంలో నీళ్ళు పోస్తోంది. గిన్నె నిండా అలాగే ఉంది.

“అమ్మా, నాను అయ్యగారిని కాదు. నాటకాలాడేవోణ్ణి. ఆ సొక్కా కూడా నాది కాదు. నాకేటీ తెలీదమ్మా.”

“తెలుసు బావూ” అంది, తలెత్తకుండానే. “ఎనక్కి తిరిగి కూకున్నాను గానీ సెవులు మూసుకోలేదు కదా. నీ ఆటలో ఆ తాగుబోతోడు మారతాడన్నావు. మారీసినాడు.”

గిన్నె మీద మూత పెట్టి, మళ్ళీ అంది.

“ఆ సదువుకున్నోల్లు ఆ మాట అనరు. నువ్వయితే అంటావని నిన్నడిగినాను.”

లేచి లోపలికి వెళ్ళి, బియ్యం తెచ్చి చేటలో పోసుకుంది. రాళ్ళు ఏరడానికి చెయ్యి పెట్టి, ఆపేసింది.

“మల్లీ అను” అంది.

“వస్తాడమ్మా.”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. “అలాగ కాదు. నిన్న అన్నట్టు అను.”

మళ్ళీ అన్నాను. గట్టిగా అన్నాను, మెల్లగా అన్నాను, కళ్ళు మూసుకుని అన్నాను. ప్రతిసారీ కాదంది. బియ్యం చేటలోనే ఉన్నాయి.