లోపలి గడియ

మా లహరికి రెండేళ్లు నిండిన వేసవిలో, మిరప కల్లంలో నాకు మొదటిసారి భయం వేసింది. మాది మాచవరం పక్కన పల్లె. కూలీలతో కలిసి నేను రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటే, అది కాయల్లో చేతులు పెట్టి కళ్లు నులుముకుంది. మంటకి గిలగిలా కొట్టుకుంది. నేను పక్కనే ఉన్నా నా దగ్గరికి రాలేదు, నావైపు చూడనైనా లేదు. అటు తిరిగి ఒక్కతే ఏడ్చింది. బాధ కలిగితే అమ్మ దగ్గరికి రాని బిడ్డ ఉంటుందా? ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మా అత్తగారు మాత్రం తేలిగ్గా తీసుకున్నారు. "వాళ్ల నాయనకీ మాటలు చానా ఆలస్యంగా వచ్చినయ్. ఊరికే దిగులు పెట్టుకోబాక" అని, మాటలు రావడానికి మళ్లీ వస అరగదీసి నాలుకకి రాశారు. లహరి ఉమ్మేసింది. మాట రాలేదు.

చెవుడేమోనని గుంటూరు తీసుకెళ్లి బెరా టెస్ట్ చేయించాం. నార్మల్. పిల్లల డాక్టర్ దాన్ని చాలాసేపు ఆడనిచ్చి చూశారు.

"వినపడుతుందమ్మా. మనుషులతో కలవడమే కష్టం. ఇది ఆటిజం" అన్నారు.

"ఎప్పటికి నయమవుద్ది సార్?"

"నయమయ్యే జబ్బు కాదు. తన పనులు తను చేసుకునేలా నేర్పుకుంటూ పోవాలి."

ఆ మాటే పట్టుకుని నరసరావుపేటలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. మా ఆయన పొలానికీ పేటకీ మధ్య తిరిగేవారు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ. చెంచా పట్టడానికే చాలాకాలం పట్టింది.

ఐదేళ్లప్పుడు ఒకరోజు గదిలోకి వెళ్లి గడియ వేసుకుంది. అసలే పిలిస్తే పలకని పిల్ల. పైగా గడియ తీయడం తెలియదు. తలుపు పగలగొట్టి చూస్తే, మంచం మీద కూర్చుని తిరిగే ఫ్యాన్ చూస్తోంది. మర్నాడే ఇంట్లో లోపలి గడియలన్నీ పీకించాను.

పెద్దమనిషయ్యాక అసలు దిగులు మొదలైంది. బొమ్మల కార్డులు చూపిస్తే ప్యాడ్ మార్చుకోవడం నేర్చుకుంది కానీ, సిగ్గు ఎలా నేర్పాలి? ఒకరోజు నేను తువ్వాలు తెచ్చేలోపు స్నానం మధ్యలో వరండాలోకి వచ్చి నిలబడింది. గేటు దగ్గర గ్యాస్ బండ తెచ్చినతను తల తిప్పుకున్నాడు. ఇంటి ఓనరమ్మ "ఏందమ్మా, ఆడపిల్లని కనిపెట్టుకోవద్దా?" అంది. నేనున్నన్నాళ్లూ కప్పుతాను. ఆ తర్వాత దీన్ని ఎవరు కప్పుతారు?

థెరపిస్ట్ మేడంతో చెప్పుకుని ఏడ్చాను. "తలుపు ఎప్పుడూ మీరే వేస్తున్నారు, మీరే తీస్తున్నారు. బాత్రూంకి గడియ పెట్టించండి" అన్నారావిడ.

నాకు ఒళ్లు మండింది. "లోపల పడిపోతే? తియ్యకపోతే మీరొస్తారా?"

ఆవిడ కోప్పడలేదు. "బయటినుంచి కూడా తెరుచుకునే గడియ ఉంటుంది. పిలిస్తే పలకదు కదా, మీరు తలుపు కొడితే తనూ లోపలినుంచి కొట్టేలా నేర్పుదాం."

ముందు తలుపు తీసే ఉంచి ఉత్త గడియతో నేర్పాను. తర్వాత నేనూ లోపలుండి వేయించాను. ఒకసారి దాని వేలు నలిగింది. అంతే, కొన్ని వారాలు బాత్రూం వైపే రాలేదు. మళ్లీ మొదటికొచ్చాం. నేనైతే మానేద్దామన్నాను. మా ఆయనే, "ఇంకొక్కసారి చూద్దామే" అన్నారు.

ఇప్పుడు దానికి పదిహేనేళ్లు. ఒక్కతే గడియ వేసుకుని స్నానం చేస్తుంది. పోయిన నెల ఓ పొద్దున బాత్రూంలో నీళ్ల చప్పుడు ఆగిపోయింది. తలుపు కొట్టాను. లోపలినుంచి తిరిగి కొట్టలేదు. మళ్లీ కొట్టాను. బయటినుంచి గడియ తిప్పడానికి రూపాయి బిళ్ల తీసి దాని గాడిలో పెట్టాను.

"ఆగు" అని వినిపించింది లోపలినుంచి.

రోడ్డు దగ్గరా బస్టాండులోనూ దాన్ని పట్టుకుని నేను అరిచే మాట అది. నాకు తిరిగి చెబుతుందని కలలో కూడా అనుకోలేదు. ఆగాను. నైటీ వేసుకుని వచ్చింది, వెనకది ముందుకి. నా పక్కనుంచి నడిచి వెళ్లిపోయింది. సంతోషమో దుఃఖమో, నేనక్కడే కూలబడి ఏడ్చాను.

ఇలాంటి ఆడపిల్లలున్న తల్లులకి ఒక్కటే చెబుతాను. పెద్దమనిషయ్యేదాకా చూడకండి, చిన్నప్పుడే తలుపు వేసుకోవడం, తీసుకోవడం నేర్పండి. బయటినుంచి బిళ్లతో తిప్పే గడియలు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. మా ఇంట్లో ఆ గడియని బయటినుంచి తీయాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు. అయినా లహరి స్నానానికి వెళ్లిన ప్రతిసారీ రూపాయి బిళ్ల గుప్పిట్లో పట్టుకునే నిలబడుతున్నాను.