రంగు నిలవని బిస్కెట్లు

నా చిన్నప్పుడు మా పుంగనూరులో బిస్కెట్లు కొనుక్కునేవాళ్ళకంటే చేయించుకునేవాళ్ళే ఎక్కువ. ఎండాకాలం సెలవులు రాగానే ఆడవాళ్ళు పిండి, చక్కెర, డాల్డా సంచిలో పెట్టుకుని బేకరీ వెనక వాకిట్లో బెంచీ మీద వరసగా కూర్చునేవాళ్ళు. బేకరీ ఆయన ఎవరి పిండిని వాళ్ళ కళ్ళముందే కలిపి, అచ్చులతో కోసి, రేకు పళ్ళాల్లో పేర్చి, కట్టెలు మండే పెద్ద పొయ్యిలోకి తోసేవాడు. పిండిమర దగ్గర లాగే అక్కడ కూడా ఎవరి పిండి మీద వాళ్ళకు ఒక కన్ను ఉండేది. మా అవ్వయితే తన పళ్ళెం లోపలికి పోయి బయటికి వచ్చేదాకా పక్కవాళ్ళు పలకరించినా తల తిప్పేది కాదు.

పిల్లలు ఉన్న ఇళ్ళవాళ్ళకు ఆయన ఒక పళ్ళెం రంగువి చేసి ఇచ్చేవాడు. గోడ మీది చెక్క అరలో చిన్న చిన్న రేకు డబ్బాలు ఉండేవి. అందులోంచి చెంచా మొనతో కొంచెం పొడి వేస్తే చాలు, ముద్ద మొత్తం ఎర్రబడేది. ఒక ఏడాది మా తమ్ముడు అవి నాలుగు తిన్నాడు. సాయంత్రానికి ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదవులు ఉబ్బి, కళ్ళు మూసుకుపోయాయి. మా అమ్మ వాణ్ణి చంకనేసుకుని బస్సెక్కి మదనపల్లెలో పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. వాడు ఏమేం తిన్నాడో ఆయన అన్నీ అడిగి, రంగు మీదే అనుమానంగా ఉందన్నాడు. ఇప్పుడు మొహం వాచింది కాబట్టి సరిపోయింది, ఇంకోసారి గొంతు వాస్తే కష్టం, రంగు వేసిందేదీ వాడి నోటి దగ్గరికి రానివ్వొద్దు అని చెప్పి పంపాడు.

అవ్వ మాత్రం డాక్టరు మాట నమ్మలేదు. అది దిష్టేనని ఆమె గట్టి నమ్మకం. మాకేమో డాక్టరు మాటే వేదమైంది. ఆ రోజు నుంచి మా ఇంట్లోకి రంగు మిఠాయి రాలేదు. వీధిలో ఎవరింట్లో పుట్టినరోజైనా తమ్ముడు తన వాటా చేతిలో పట్టుకుని వచ్చి, రెండుసార్లు వాసన చూసి, నాకు ఇచ్చేసేవాడు. ఏడ్చేవాడు కాదు. ఏడిస్తే బాగుండేదని నాకు ఇప్పుడనిపిస్తుంది. వాడికి ఆరు నిండబోతుంటే ఏం కావాలని అమ్మ అడిగింది. "అందరూ తినే ఎర్ర బిస్కెట్టు" అన్నాడు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ మాట మా చిన్నమ్మ చెవిన పడింది. ఆమె అమ్మకు చెల్లెలు, కుప్పంలో కాలేజీ చదువుతూ సెలవులకు మా ఇంటికి వచ్చింది. ఏది చూసినా "యాల ఇట్లుండాది?" అని అడగడం ఆమెకు పుట్టుకతో వచ్చిన జబ్బు. చింతపండు పెడితే రాగి చెంబు ఎందుకు మెరుస్తుందో ఆమె అడిగిన రోజున, మెరిస్తే తోమే పని తప్పింది కదా, ఇంకేం కావాలని అవ్వ విసుక్కుంది. అలాంటి మనిషి తమ్ముణ్ణి దగ్గరికి పిలిచి, డబ్బా రంగు లేకుండా రంగు బిస్కెట్లు చేసి పెడతానని మాట ఇచ్చేసింది. ఎలాగో ఆమెకూ తెలియదు. పుట్టినరోజుకు పది రోజులుంది.

మర్నాడు బీట్‌రూట్, క్యారెట్, పాలకూర తెచ్చి విడివిడిగా రుబ్బాం. నా పని తురమడం. పెద్ద అల్యూమినియం గిన్నెలో ఇసుక పోసి వేడి చేసి, లోపల ప్లేటు పెట్టి మూత వేస్తే అదే మా పొయ్యి. పిల్లలకు మైదా వద్దని, రాగిపిండి వేయమని అవ్వ పట్టుబట్టింది. మా ఇళ్ళల్లో రాగిపిండి పడని వంట ఉండదు కాబట్టి మాకెవరికీ అనుమానం రాలేదు. బెల్లమూ వెన్నా వేసి కలిపాం, కాల్చాం, మూత తీశాం. బీట్‌రూట్‌వీ క్యారెట్‌వీ పాలకూరవీ అన్నీ ఒకే నలుపు. ఏది ఏదో నాకి చూసుకోవాల్సి వచ్చింది. సంగటిముద్దను ఏ రంగులో ముంచితే మాత్రం తెల్లబడుతుందా అని చిన్నమ్మ తన తలమీద తానే మొట్టుకుంది. అవ్వ మాత్రం ఆ నల్లవాటిని కాఫీలో ముంచుకుని నాలుగు తినేసింది.

రెండోసారి రాగిపిండి మాని గోధుమపిండి జల్లించి వేశాం, బెల్లం బదులు చక్కెర వేశాం. ఈసారి పసుపు రంగు కోసం పసుపు కూడా కలిపాం. బీట్‌రూట్ ముద్ద చేతిలో ఉన్నప్పుడు కుంకుమలా ఉండి కాలేసరికి గోధుమరంగుకు పడిపోయింది. క్యారెట్ ఒక్కటే చెప్పిన మాట నిలబెట్టుకుంది. పసుపువి చూసి అందరం నోళ్ళు తెరిచాం. పసుపు వేస్తే ఎర్రమట్టి రంగు వచ్చింది. అవ్వ ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూసి, "ఇది నేను అబ్బోనికి దిష్టి తీసే నీళ్ళ రంగు కదే" అంది.

చిన్నమ్మ అక్కడే ఆగిపోయింది. దిష్టి నీళ్ళల్లో పసుపుకు అవ్వ సున్నం కలుపుతుంది, కలపగానే ఎర్రబడుతుంది, అది మేము పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. మరి బిస్కెట్లలో సున్నం ఎక్కడిది? ఒక్కొక్క గిన్నే చూసుకుంటూ వచ్చి, బిస్కెట్లు పొంగడానికి వేసిన వంటసోడా పొట్లం దగ్గర ఆగింది. కొంచెం పసుపు నీళ్ళల్లో సోడా వేసింది, ఎర్రబడింది. నిమ్మకాయ పిండింది, బుస్సున పొంగి మళ్ళీ పసుపైంది. మేమిద్దరం ఆ పూటంతా అదే ఆట ఆడాం. పసుపును ఏడిపించే సోడానే బీట్‌రూట్‌నూ చెడగొడుతోందేమోనని ఆమె అనుమానం. మూడోసారి సోడా తగ్గించి, నిమ్మరసం పిండి, మంట సన్నగా పెట్టాం. పసుపువి పసుపుగానే వచ్చాయి. బీట్‌రూట్‌వి ఎర్రగా రాలేదు గానీ గోధుమరంగు పోయి, ఉతికిన గులాబీ చీరలా వెలిసిన రంగులో వచ్చాయి. చిన్నమ్మ మురిసిపోయింది. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది.

ఎందుకంటే అప్పటికే నేను వీధంతా టాంటాం వేసి ఉన్నాను. బీట్‌రూట్‌తో బేకరీవాటికంటే ఎర్రగా చేస్తున్నామని చెప్పాను. కూరగాయల బిస్కెట్లంట అని వీధి పిల్లలు పడీ పడీ నవ్వారు. పుట్టినరోజుకు వచ్చి చూడండి అని సవాలు చేశాను. గొప్పలు చెప్పడంలో నన్ను మించినవాళ్ళు ఆ వయసులో లేరు. ఇప్పుడు మాత్రం తగ్గిందా అని మా ఇంట్లోవాళ్ళు అడుగుతారు, అది వేరే సంగతి.

పుట్టినరోజునాడు ఎక్కువ కావాలి కాబట్టి మూడు ముద్దలు కలిపి మూడు గిన్నెల్లో బేకరీకి తీసుకెళ్ళాం. బేకరీ ఆయన గిన్నెలు చూసి నవ్వాడు. "కలరు లేకుండా కలరెట్ల వస్తాదమ్మా? ఒక్క చిటికెడు ఏస్తాను, ఎవురికి తెలుస్తాది?" అన్నాడు. ఆయనకు మా తమ్ముడి సంగతి తెలియదు. చిన్నమ్మ కూడా నవ్వుతూనే, "తినేవానికి తెలుస్తాదప్పా" అంది. పళ్ళాల్లో కొత్త కాగితం వేయించి, బిస్కెట్లు పోసుకునే డబ్బా మరిచిపోయానని ఇంటికి వెళ్ళింది. ఆయన ముందు అంగట్లో బేరం చూసుకోవడానికి వెళ్ళాడు. నేనూ మూడు గిన్నెలూ గోడ మీది అరా మిగిలాం.

నాకు డాక్టరు మాట గుర్తు లేదని చెప్పను. బాగా గుర్తుంది. కానీ గిన్నెడు పిండిలో చిటికెడు ఎంత అనుకున్నాను, నాలుగు తిన్నాడు కాబట్టి వాచింది, ఒకటి తింటే ఏం కాదనుకున్నాను. పదేళ్ళ బుర్రకు కావాలనుకున్నదానికి కారణాలు బాగానే దొరుకుతాయి. బెంచీ ఎక్కి డబ్బా దించి, గోటితో చిటికెడు తీసి బీట్‌రూట్ ముద్దలో వేసి పిసికాను. చెయ్యి ఎర్రగా ఉన్నా అది బీట్‌రూటే అనుకుంటారని ధైర్యం.

పళ్ళెం బయటికి వచ్చేసరికి బేకరీ ఆయన కళ్ళు పెద్దవి చేశాడు. దానిమ్మ గింజల్లా నిగనిగలాడుతున్నాయి. చిన్నమ్మ వాటిని డబ్బాలో పోసుకుని బయలుదేరింది. దారంతా మాట్లాడలేదు. సంతోషంతో మాట రాలేదని నేననుకున్నాను.

ఇంటికి రాగానే నేను చేతులు కడుక్కున్నాను. బీట్‌రూట్ ఎరుపు నీళ్ళతో పోయింది. గోళ్ళ చుట్టూ ఇంకో ఎరుపు మిగిలింది. చిన్నమ్మ నా ఎదురుగా కూర్చుని ఎర్ర బిస్కెట్లు పళ్ళెంలో పోసి, ఒకటి విరిచి లోపల చూసింది. నిన్న వెలిసిపోయిన రంగు ఈ రోజు ఎలా నిలిచిందో తెలుసుకోవాలి అంది. నిమ్మరసం ఎక్కువ పడిందా, ఆ పొయ్యి వేడిలో తేడానా అని అడుగుతూ పోయింది. "నువ్వు ఆడే ఉండావు కదా పాపా, ఏమన్నా సూసినావా?" అంది. ఆ గొంతులో కోపం లేదు. ప్రతి దానికీ యాల అని అడిగే గొంతే అది. నేను "ఏమో" అన్నాను.

అప్పుడే తమ్ముడు కొత్త చొక్కా వేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఎర్ర బిస్కెట్లు చూసి వాడి మొహం ఎలా వెలిగిందో నేను చెప్పలేను. చెయ్యి చాపాడు. చిన్నమ్మ పళ్ళెం వెనక్కి తీసుకుని, "సేతులు కడుక్కోని రా నాయనా" అంది. వాడు పెరట్లో తొట్టి దగ్గరికి పరిగెత్తి వచ్చాడు. మట్టి పోలేదు, మోచేతుల దాకా కడుక్కోమంది. మళ్ళీ పరిగెత్తాడు. వచ్చాడు. సబ్బు పెట్టి కడుక్కోమంది. మూడోసారీ వెళ్ళాడు, ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఎవరేం చెప్పినా చేస్తే ఆ బిస్కెట్టు దొరుకుతుందని వాడి నమ్మకం. తొట్టి దగ్గర చెంబు చప్పుడు వినబడుతూనే ఉంది.

మోచేతుల నుంచి నీళ్ళు కారుతుండగా వాడు గడపలో నిలబడ్డాడు. "చిన్నమ్మా, వానికి ఇయ్యొద్దు" అన్నాను. తర్వాత మిగతాదంతా ఏడుపులోనే చెప్పాను.

చిన్నమ్మ నన్ను కొట్టలేదు. ఆ చేత్తో మిగతా ముద్దలు ముట్టుకున్నావా అని మాత్రం అడిగింది. లేదన్నాను. అయినా బేకరీ నుంచి వచ్చినవేవీ వాడికి పెట్టలేదు. ఎర్రవన్నీ పెరట్లో గుంట తీసి పూడ్చేసింది. వాడు అంతా చూస్తూ నిలబడి, "అక్కా, తినింటే మళ్ళా నా మొగం వాచేదా?" అని అడిగాడు. నన్ను నిందించడానికి కాదు, తెలుసుకోవడానికే అడిగాడు. నేను తల ఊపాను.

మూడోసారి ఇంట్లో కాల్చినవి వంటింట్లో ఇంకో డబ్బా అడుగున మూడు మిగిలి ఉన్నాయి. వెలిసిన గులాబీవి. చిన్నమ్మ వాటిని తెచ్చి వాడి ముందు పెట్టి, ఎర్రది కాకపోయినా ఇది బీట్‌రూట్‌కు తనంతట తానుగా వచ్చిన రంగు అని చెప్పింది. వాడు తిప్పి చూసి, అలవాటుగా రెండుసార్లు వాసన చూశాడు. నాకు ఇవ్వబోయి, ఆగి, తానే తిన్నాడు. వీధి పిల్లలు వచ్చాక పసుపువీ క్యారెట్‌వీ పంచాం. "ఎర్రవి యాడ?" అని అడిగారు. "రాలేదు" అన్నాను. నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నా కళ్ళు తమ్ముడి పెదవుల మీదే ఉన్నాయి. వాడు పడుకునేదాకా ఎన్నిసార్లు వాడి మొహం చూశానో లెక్క లేదు. ఏమీ కాలేదు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి కుప్పంలో చిన్నమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు ఆ రోజు సంగతి ఎత్తాను. నా గోళ్ళు చూసి ముందే కనిపెట్టావా అని అడిగాను. బేకరీలో పళ్ళెం చూసినప్పుడే తెలుసంది. మరి రంగు నువ్వే వేశావా అని సూటిగా ఎందుకు అడగలేదంటే, "అడిగితే ఒప్పుకునేదానివి. నీ అంతట నువ్వే సెప్తే బాగుంటాదని సూసినా" అంది. మూడోసారి కడుక్కుని వచ్చాక కూడా నేను నోరు విప్పకపోతే ఏం చేసేదానివన్నాను. ఆమె చీపురు పుల్లలు ఏరుకుంటూ తేలిగ్గా చెప్పింది. "నాలుగోసారి పంపుండేదాన్ని. అప్పటికీ సెప్పకపోతే నా సెయ్యి జారి పళ్ళెం కింద పడుండేది."

ఇప్పుడు మా ఇంట్లో నా పిల్లలూ తమ్ముడి పిల్లలూ కలిస్తే రోజుకో అబద్ధం దొరుకుతుంది. దొరికినప్పుడల్లా నిలదీయాలని నాలుక చివరిదాకా వస్తుంది. ఆపుకుని, వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిపెట్టు అనో, తలుపు వేసి రా అనో ఏదో ఒక చిన్న పని చెబుతాను. కొందరు మొదటిసారికే వచ్చి చెప్పేస్తారు. చెప్పనివాళ్ళను రెండోసారి కూడా పంపగలను. మూడోసారి పంపే ఓపిక నాకు ఇంకా రాలేదు. నేర్చుకుంటున్నాను.